ఆకాశం లేని అడవి

మధ్యాహ్నం నిజామాబాదు బస్సు దిగిన మనిషి అటూ ఇటూ చూడకుండా నేరుగా చాంద్రి దగ్గరికి వచ్చాడు. బాన్సువాడ బస్టాండు గోడ నీడలో చాప పరిచి, అద్దాల రవికలు అమ్ముకుంటూ కూర్చుంది చాంద్రి. తలెత్తి చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చేతిలోని రవిక కింద పెట్టేసింది.

అతను భిక్యా. ఆమె చెల్లెలు సోమ్లి మొగుడు. మూడు నెలల కింద భార్యాభర్తలిద్దరూ తండా జనంతో కలిసి బొంబాయిలో రోడ్డు పని ఉందంటే లారీ ఎక్కారు. మళ్ళీ కబురు లేదు. ఇప్పుడు వచ్చిన భిక్యాలో సగం మనిషే మిగిలాడు. ఒళ్ళంతా పాలిపోయి, నానిన చెక్కలా ఉంది.

"అక్కా, నీళ్ళు," అన్నాడు.

చాంద్రి చెంబు అందించింది. "సోమ్లి ఏదిరా?"

"ఆడనే ఉన్నది. అందరు ఆడనే ఉన్నరు. నేనొక్కన్నే తప్పిచ్చుకొని వచ్చిన." రెండు గుక్కలు తాగి చుట్టూ బెదురుగా చూశాడు. "బొంబాయి కాదక్కా గది. అడవి. ఆడ ఆకాశమే లేదు."

"ఆకాశం లేకుండుడేందిర?"

"లేదక్కా, నీ తోడు. బేస్తవారం పని అయిపోతదట. అయిపోయినంక అందర్ని..."

ఉస్సుమని చిన్న చప్పుడు.

భిక్యా దోమ కుట్టినట్టు మెడ మీద చేయి వేసుకున్నాడు. చెంబు జారింది. అతను రవికల మీద బోర్లా పడ్డాడు.

చాంద్రి చూపు చప్పుడు వచ్చిన వైపు తిరిగింది. పది అడుగుల దూరంలో ఒకడు సైకిలు చక్రానికి పంపుతో గాలి కొడుతున్నాడు. చక్రం అప్పటికే రాయిలా బిగిసి ఉంది. బిగిసిన చక్రానికి గాలి ఎవడు కొడతాడు? ఆ మాట ఆమెకు తట్టేసరికి వాడు సైకిలెక్కి బోధన్ రోడ్డు పట్టాడు. పంపు మాత్రం అక్కడే పడి ఉంది.

"ఎండదెబ్బ! ఉల్లిగడ్డ దెచ్చి ముక్కు కాడ పెట్టుండ్రి!" అని అరుస్తూ శనగలమ్మే అంజవ్వ పరుగెత్తుకొచ్చింది. "దవాఖానకు తీస్కపోండ్రి, రిక్షా పిలువుండ్రి!" అని ఇంకెవరో అన్నారు.

భిక్యా తలను ఒళ్ళో పెట్టుకున్న చాంద్రికి మాత్రం తెలుసు, ఇక ఏ రిక్షా అక్కరలేదని. అతని మెడలో గుండుసూది కన్నా సన్నటి ముల్లు దిగి ఉంది. దాన్ని వేలితో తాకకుండా కొంగు కొసతో పట్టి లాగింది. రవికలమ్మే మనిషి చేసే పని కాదది. చాంద్రి రవికలమ్మే మనిషీ కాదు. దేశ గూఢచారి విభాగంలో ఆమె కోడ్ నేమ్ పాలపిట్ట.

*

బజారు వెనక వీధిలో తునికాకు గోడౌను ఉంది. దాని యజమాని హరనాథబాబును ఊరంతా ఆకు వ్యాపారి అనే అనుకుంటుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి వర్ని కాలువ కింద భూములు కొన్న కుటుంబం వాళ్ళది. తునికాకు మోపుల వెనక ఒక తలుపుంది. ఆ తలుపు వెనక వైర్‌లెస్ సెట్లు, మ్యాపులు, ఎర్ర టెలిఫోను. ఢిల్లీ ఫైళ్ళలో హరనాథబాబు పేరు 'కంట్రోల్'.

"కూర్చో అమ్మా," అన్నాడు కంట్రోల్.

"కూసునే ఓపిక లేదు సారు. చెప్పుండ్రి."

"ముల్లుకు పూసింది విదేశీ విషం. సైకిలు పంపులో ముల్లును విసిరే స్ప్రింగు ఉంది. ఇంకో సంగతి. భిక్యా చెవుల వెనక, చంకల్లో జలగ కాట్లున్నాయి. చెరువు జలగ కాళ్ళు పడుతుంది. చెవి వెనక పట్టేది ఆకుల మీంచి రాలే జలగ. అలాంటివి మన జిల్లాలో లేవు." గోడ మీది మ్యాపులో పడమటి కనుమల దక్షిణపు కొసను పెన్సిలుతో తాకాడు. "నీలిమల నేషనల్ పార్క్. ఏడాదిలో తొమ్మిది నెలలు వాన. ఊళ్ళు లేవు, రోడ్డు లేదు. మూడు వారాలుగా మన మానిటరింగ్ వ్యాన్లకు అటు నుంచి ఏదో టెస్ట్ సిగ్నల్ తగులుతోంది."

"ఆడ ఎవలుంటరు?"

"ఆర్కిడ్ పూల మీద రీసెర్చ్ అని చెప్పి ఒక విదేశీ బృందం పర్మిట్ తీసుకుంది. చీఫ్ పేరు డాక్టర్ హెల్మర్. పూలకు, అతనికి ఏ సంబంధమూ లేదు. భిక్యా చెప్పిన బేస్తవారం, అంటే ఈ గురువారం, పదకొండు గంటలకు మన క్షిపణి పరీక్ష. అది ఎగురుతూ తన వేగం, వేడి, దారి అన్నీ కిందికి చెప్పుకుంటూ పోతుంది. ఆ మాటలు వినాల్సింది మనం. అడవిలో చెట్టంత ఏంటెన్నా నిలబెట్టి వాళ్ళు విన్నారంటే మన కష్టమంతా వాళ్ళ టేపుల్లో పడుతుంది."

"మా తండా వాళ్ళెందుకు సారు? ఆడ కూలోల్లు దొరకరా?"

"దొరుకుతారు. కానీ అక్కడివాళ్ళైతే అక్కడే నలుగురికీ చెప్పుకుంటారు. భాష రాని చోటికి తెచ్చిన మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? కాంట్రాక్టర్ మోతీలాల్ చేసిన ఏర్పాటు అది. పని అయిపోయాక..."

ఆయన వాక్యం పూర్తి చేయలేదు. భిక్యా కూడా అక్కడే ఆగిపోయాడు.

"సొంతవాళ్ళు ఇరుక్కున్న మిషన్‌కు ఏజెంటును పంపకూడదమ్మా. రూలు."

"రూలైతె పంపకుండ్రి. లీవు పెట్టి పోత."

హరనాథబాబు ఆ రోజు మొదటిసారి నవ్వాడు. సొరుగు లాగి ఒక్కొక్క వస్తువే బల్ల మీద పెట్టాడు. కెమెరా, అడుగున వైర్‌లెస్ సెట్టు. బీడీ కట్ట, ఎర్ర దారం చుట్టిన బీడీ వెలిగిస్తే గదినిండా పొగ. చేతుల పచ్చబొట్లు దాచడానికి తెల్ల గ్లోవ్స్, గడ్డం మీది పచ్చబొట్టుకు విదేశీ పౌడరు.

"నువ్విప్పుడు మిసెస్ చిత్రా సేథ్నా. బొంబాయి ఫోటోగ్రాఫర్. అడవి చూడ్డానికి వచ్చిన టూరిస్టువి. లోపల మన మనిషి ఒకామె ఉంది. గౌరీబాయి, హెల్మర్‌కు సెక్రటరీ. ఒకప్పుడు దెగ్లూర్‌లో తమాషా అనే మరాఠీ నాటకాల పార్టీలో లావణి పాటలు పాడుతూ ఆడేది. ఆరు నెలలుగా మనకు వార్తలు పంపుతోంది. కోడ్ గుర్తుపెట్టుకో. 'ఈ అడవిలో చెరకు పండుతుందా' అని నువ్వడగాలి. 'బీర్కూరు నీళ్ళు పారిస్తే పండుతుంది' అని ఆమె అనాలి. పార్కు గేటు దాటాక వంతెన దగ్గర మన కమెండోలు ఫారెస్టు కూలీల వేషంలో ఉంటారు. నీ వైర్‌లెస్ అందేదాకా కదలరు. తొందరపడితే అవతలివాళ్ళు మీ జనాన్నే అడ్డం పెట్టుకుంటారు."

చాంద్రి బీడీ కట్ట అందుకుంది. కాన్స్టేబులుగా చేరి, తండా భాషతో కలిపి ఆరు భాషలొచ్చినందుకు ఈ విభాగంలోకి ఎంపికైన మనిషి ఆమె. ఎన్నో మిషన్లు చేసింది. సొంతవాళ్ళ కోసం గోడౌను గడప దాటడం మాత్రం ఇదే మొదలు.

*

రైలు, బస్సు, జీపు, చివరికి కాలినడక. మంగళవారం సాయంత్రానికి మిసెస్ చిత్రా సేథ్నా నీలిమల గెస్ట్‌హౌస్ చేరింది. అప్పుడు అర్థమైంది భిక్యా మాట.

నిజంగానే ఆకాశం లేదు. తాడిచెట్టుకు రెండింతల ఎత్తున ఆకులు ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉన్నాయి. వాన ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో తెలియదు. పైన ఆగిన గంటకు కూడా కింద చినుకులు రాలుతూనే ఉంటాయి. చెట్ల మొదళ్ళు గోడల్లా లేచి దారికి అడ్డం నిలబడ్డాయి. పేము ముళ్ళు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాయి. ఎక్కడో పెద్ద ముక్కు పక్షి రెక్కలు కొడితే గూడ్సు బండి పోయినంత చప్పుడైంది. నల్ల మొహం చుట్టూ తెల్లటి జూలున్న కోతి ఒకటి కొమ్మ మీంచి ఆమెను చూసి, ఏమీ నచ్చనట్టు వెళ్ళిపోయింది.

బాన్సువాడలో ఇంటి ముందు నిలబడితే నాలుగు మైళ్ళ అవతలి బస్సు దుమ్ము కనిపిస్తుంది. చాంద్రి కళ్ళకు అదే అలవాటు. ఇక్కడ చూపు పది అడుగులు పోయి ఆకుకు తగిలి ఆగిపోతోంది. గడియారం అద్దంలో ఆవిరి పట్టింది. పొద్దు ఎటున్నదో తెలియదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు. చెక్క గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంది. కిటికీ తీస్తే తేమ, మూస్తే ఉక్క. బూట్లు విడిచి చూస్తే రెండు జలగలు.

ఇంకా పెద్ద సంగతి మర్నాడు పొద్దున బయటపడింది. కెమెరా విప్పితే వైర్‌లెస్ సెట్టు లోపల తెల్లగా బూజు. మీట నొక్కితే కుయ్ అని కూడా అనలేదు. బీడీలు నాని, వేలు పెడితే ముద్దవుతున్నాయి. ఢిల్లీ ల్యాబులో పరీక్షించి పంపిన వస్తువులన్నీ ఢిల్లీ ఎండకే పనికొచ్చేవి.

బుధవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

పట్టు రెయిన్‌కోటు, ఎర్రటి పెదవులు, ఎత్తు మడమల చెప్పులు. ఆ బురదలో అన్ని అడుగులు వేసి ఒక్క మరక కూడా అంటని మనిషిని చాంద్రి అదే చూడడం. అత్తరు వాసన ముందొచ్చింది, మనిషి వెనకొచ్చింది.

"ఈ అడవిలో చెరకు పండుతుందా?" అంది చాంద్రి.

"బీర్కూరు నీళ్ళు పారిస్తే పండుతుంది." వచ్చినామె తలుపు మూసి కిలకిలా నవ్వింది. "అగబాయి! బాన్సువాడ వాళ్ళు ప్యాంటేసుకుంటే ఇంత బాగుంటారా? నేను గౌరీబాయిని."

"మా వాళ్ళెట్లున్నరు?" అన్న చాంద్రి గొంతులో చిత్రా సేథ్నా మాయమైంది.

"అందరూ క్షేమం. ఏంటెన్నా రేపు పొద్దున ఎక్కిస్తారు. నువ్వు ఈ గది కదలకు. బయట ఏనుగులున్నాయి, హెల్మర్ మనుషులున్నారు. నీ సెట్టు పనిచేస్తోందా?"

"బూజు పట్టింది."

"మంచిదే అయింది. నా దగ్గర ఇంకోటుంది. టైము చూసి కమెండోలకు నేనే సిగ్నల్ ఇస్తా. నువ్వు హాయిగా టీ తాగుతూ కూర్చో."

చాంద్రి గుండె మీంచి బండ దిగినట్టయింది. "మా సోమ్లిని చూసినవా? సన్నగ ఉంటది, ముక్కుకు పెద్ద పుల్ల."

"చూడకేం! పొద్దునే చెవిలో చెప్పా, మీ అక్క వచ్చిందని. ఎంత సంబరమో ఆ పిల్లకి! పకపకా నవ్వింది."

చాంద్రి తలూపింది. కెటిల్ వంచి గౌరీబాయికి కప్పులో టీ పోసి ఇచ్చింది.

నవ్విందట!

తండా ఆడది చాలా రోజుల తర్వాత తోడబుట్టినదాన్ని చూస్తే నవ్వదు. వచ్చిందని కబురు విన్నా నవ్వదు. మెడలు కౌగలించుకుని, భుజం మీద తల పెట్టి, రాగం తీసి ఏడుస్తుంది. మనం విడిపోయాక ఎవరు పోయారు, ఎవరికి ఏ కష్టమొచ్చింది, అన్నీ ఆ ఏడుపులోనే అడుగుతుంది, అందులోనే జవాబు వింటుంది. ఆ ఏడుపు అయ్యాకే మంచినీళ్ళు, తర్వాతే మాటలు. ఏడవకుండా పలకరిస్తే అవమానం. ఢిల్లీలో పనిచేసిన రోజుల్లో చాంద్రి లీవులో వచ్చినప్పుడల్లా సోమ్లి అలా ఏడ్చిన ఏడుపుకు బస్సులో జనం కిందికి దిగి చూసేవాళ్ళు.

గౌరీబాయి సోమ్లికి ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే చెప్పానంది. అబద్ధం ఆడే అవసరం ఎవరికి ఉంటుంది? రేపు పదకొండు దాటేదాకా చాంద్రిని ఈ గదిలో కదలకుండా కూర్చోబెట్టాలనుకునేవాళ్ళకు. ఆరు నెలలుగా కంట్రోల్‌కు ఇటు వార్తలు పంపుతూ, హెల్మర్‌కు అటు వార్తలు మోస్తున్న మనిషికి. కమెండోలకు సిగ్నల్ ఎప్పటికీ పోదు.

"టీలో చక్కెర సరిపోయిందా?" అని అడిగింది చాంద్రి.

"తేనెలా ఉంది," అంది గౌరీబాయి.

*

గురువారం తెల్లారేసరికి తలుపుకు బయట గొళ్ళెం పడింది. మెట్ల మీద తుపాకీవాడు కూర్చున్నాడు, ఏనుగుల కోసమట. గెస్ట్‌హౌస్ కట్టింది కర్ర గుంజల మీద. చాంద్రి మంచం జరిపి, నానిన నేల పలకను కెమెరా స్టాండుతో పైకెత్తి, కిందికి జారి, పేము పొదల్లోకి పాకింది.

వంతెన దాకా పోయి కమెండోలను తెచ్చే వ్యవధి లేదు. ఆమె క్యాంపు దారి పట్టింది. మోకులు ఈడ్చిన గాడి బురదలో పాములా సాగింది. దాని వెంబడే పోయింది. ఎన్నిసార్లు జారిపడిందో లెక్క లేదు. ఆగితే ఎక్కడ ఆలస్యమవుతుందోనని జలగలను కూడా పీకలేదు.

చెట్ల సందుల్లోంచి క్యాంపు కనిపించింది. అడవిలోకెల్లా పెద్ద చెట్టు పక్కనే ఇనుప ఏంటెన్నా లేచి నిలబడింది. దానికి నాలుగు మోకులు. ఒక్కో మోకును ఐదుగురేసి తండా మగాళ్ళు వెనక్కి వాలి పట్టుకున్నారు. ముందువరసలో మేనమామ రూప్లా, నెరిసిన మీసాలు వానకు అంటుకుని ఉన్నాయి. నేల బురద కావడంతో గుంజలు నిలవక మనుషుల్నే గుంజలు చేశారు. ఆడవాళ్ళు గంపలతో రాళ్ళు మోసి మొదట్లో పోస్తున్నారు. నలుగురు తుపాకీవాళ్ళు. డేరాలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెల్లజుట్టు హెల్మర్.

ఇవతల కూలీల రేకుల షెడ్డు. చాంద్రి దాని వెనకకు చేరి కిందికి తొంగి చూసింది. పలకల కింద వరసగా జిలెటిన్ పెట్టెలు. వాటి నుంచి తీగ డేరా పక్కనున్న మీట దాకా పోయింది. మీట పెట్టె మీద ఒకడు కూర్చుని అరటిపండు తింటున్నాడు. పని అయ్యాక జనాన్ని లోపలికి తోలి మీట నొక్కుతారు. బేస్తవారం, అందర్ని... భిక్యా చెప్పలేకపోయిన ముక్క ఇదే.

తీగ కోయడానికి వీల్లేదు, వాడి కళ్ళ ముందే ఉంది. పొగ బీడీ ముద్దయింది. అరిస్తే కాల్చేస్తారు. తన వాళ్ళు ముప్పై మంది దాకా కళ్ళ ముందున్నారు. ఒక్కరికి చెప్పినా అందరికీ చేరదు, అందరికీ చెప్పబోతే శత్రువులూ వింటారు.

గంప దించి నడుం పట్టుకుని నిలబడిన సన్నటి పిల్ల ఇటు తిరిగింది. ముక్కుకు పెద్ద పుల్ల.

చాంద్రి గ్లోవ్స్ పీకేసింది. తడి చేత్తో గడ్డం మీది పౌడరు తుడిచేసింది. చేతులు రెండూ చాచి చాటు వదిలి బయటికి నడిచింది. తుపాకులు తిరిగాయి. ఆమె గొంతు అప్పటికే లేచింది. తండా భాషలో, తండా రాగంలో.

"చెల్లీ నా చెల్లీ, ఒక్క తల్లి కన్న చిన్నదానా..."

సోమ్లి ఒక్క క్షణం ప్యాంటు వేసుకున్న ఆ దొరసానిని పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత గడ్డం మీది పచ్చబొట్టు చూసింది. వచ్చి మెడకు చుట్టుకుపోయింది.

"అక్కా, ఎట్లొచ్చినవే, ఎవరు పంపిన్రే..."

డేరాలోంచి గౌరీబాయి పరుగెత్తుకొచ్చింది. "కాల్చకండి! డాక్టర్ రికార్డింగ్ మొదలవబోతోంది, తుపాకీ పేలితే కూలీలు మోకులు వదిలేస్తారు. ఏడ్చి ఏడ్చి వాళ్ళే ఊరుకుంటారు. అందరితోపాటు దీన్నీ షెడ్డులోకే తోలదాం." చాంద్రిని చూసి కన్నుగీటింది. "టీ అయిపోయిందా మిసెస్ సేథ్నా?"

చాంద్రి ముందు ఆమెకు జవాబు చెప్పడం కన్నా కష్టమైన పని ఉంది. ఏడుపులో మొదట చెప్పాల్సింది చావు. దాన్ని దాటి ఇంకో మాట చెప్పడానికి రాగం ఒప్పుకోదు, నోరూ ఒప్పుకోదు.

"నీ భిక్యా బాన్సువాడ చేరాడే, నా చేతి నీళ్ళు తాగాడే, నా ఒళ్ళోనే పడుకున్నాడే, లేపితే లేవలేదే..."

సోమ్లి గొంతులోంచి వచ్చిన కేక రాగం కాదు. చెట్ల మీది కోతులు చెల్లాచెదరయ్యాయి. ఆమె కిందికి జారిపోయింది. చాంద్రి బిగించి పట్టుకుంది. ఇప్పుడీ పిల్ల చెవులు మూసుకుపోతే? మొగుడి మాట తప్ప ఇంకేదీ వినకపోతే? దేశం, క్షిపణి అన్నీ చాంద్రి మనసులోంచి జారిపోయాయి. చేతుల్లో వణుకుతున్న ఈ గుప్పెడు ఎముకలే మిగిలాయి. వీటిని ప్రాణాలతో బయటపడేయాలి, అంతే.

గంపలు దించి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. చావు మాట విన్నాక తండా ఆడవాళ్ళను ఆపడం ఎవరి తరం? ఒకరి భుజం మీద ఒకరు తలలు పెట్టి రాగం అందుకున్నారు. తుపాకీవాళ్ళు విసుక్కుని సిగరెట్లు ముట్టించారు. చాంద్రి గొంతు అందరి మీదుగా లేచింది.

"బాపూ, మన బాపు ఎప్పుడో పోయాడే, అవ్వ పోయిందే. మనం పడుకునే ఇల్లు ఇల్లు కాదే, కింద మందుగుండు పరిచారే. వాగు దిక్కే దిక్కు తల్లులారా, వాగులోకే ఉరకండే..."

ఒక్కరూ తల ఎత్తలేదు. ఏడుపు ఒక్క పిసరు తగ్గలేదు. కానీ ఆమె నడుం చుట్టూ ఉన్న చేతులు బిగుసుకున్నాయి. విన్నారు.

"బాపూ, మోకు పట్టిన రూప్లా మామా, నీ ఆడబిడ్డల మొర వినవా? ఇంకొక్కసారి బాపూ అని పిలిస్తే నీ చేతులు విడవవా..."

అప్పుడు సోమ్లి నోరు తెరిచింది. ఎక్కిళ్ళ మధ్య, అదే రాగంలో. "వాగు దారికి తుపాకీవాడు అడ్డమున్నాడే అక్కా. వాడి ముందుకు నేనే పోతానే. మొగుడే పోయాక నాకేం భయమే..."

చాంద్రి చెల్లెలి నడుం చుట్టూ చేయి ఒక్కసారి బిగించి వదిలింది.

గౌరీబాయి డేరా గుంజకు ఆనుకుని చూస్తోంది. పాట ఆమె వృత్తి. తండా భాష రాకపోయినా పేర్లు తెలుస్తాయి. భిక్యా పేరు విని తల పంకించింది. వాణ్ణి చంపించిన సంగతి ఆమెకు తెలుసు. చచ్చినవాళ్ళ పేర్లు పెట్టి ఏడుస్తున్నారు, సరే. మరి మధ్యలో రూప్లా పేరెందుకొచ్చింది? రూప్లా చచ్చిపోలేదు కదా. ఎదురుగా మోకు పట్టుకుని...

"మోకులు!" అని అటు పరుగెత్తుతూ కేక వేసింది. "మోకుల మీదికి పోండి!"

"బాపూ!" అంది చాంద్రి, ఉన్న ఊపిరంతా పెట్టి.

నాలుగు మోకులూ ఒక్కసారి వదులయ్యాయి. డేరాలో హెల్మర్ చేయెత్తాడు, మొదటి సిగ్నల్ వచ్చిందని. ఎత్తిన చేయి దించలేదు. ఏంటెన్నా మెల్లగా, నిద్రమత్తులో ఉన్న మనిషిలా పక్కకు వాలి, కొమ్మల్ని విరుచుకుంటూ డేరా మీదే పడింది. టేపులు, డబ్బాలు, డాక్టరూ అన్నీ దాని కిందే.

జనం వాగు వైపు పరుగెత్తారు. దారికి అడ్డం నిలిచినవాడు తుపాకీ ఎత్తాడు. సోమ్లి ఆగలేదు. రాళ్ళ గంపను తల మీదికెత్తి, వాడి మోకాళ్ళ మీదికి కుమ్మరించి, వాడి పైనుంచే దూకి పోయింది. మీట దగ్గరివాడు అరటిపండు పారేసి మీట నొక్కాడు. ఖాళీ షెడ్డు ఆకాశానికి ఎగిరింది. అవును, ఆకాశానికే. ఏంటెన్నా చీల్చిన కంతలోంచి మొదటిసారి ఎండ కిందికి దిగింది.

ఆ పేలుడు వంతెన దాకా వినబడింది. కమెండోలకు వేరే సిగ్నల్ అవసరం పడలేదు.

*

గౌరీబాయి దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. వ్యానిటీ బ్యాగులోంచి పిస్తోలు తీసేలోపు ఎత్తు మడమ బురదలో దిగబడి, పొదలోకి దొర్లింది. లేచేసరికి మెడ నిండా జలగలు.

"తీయండి! ఉప్పు వేయండి! ఎవరైనా ఉప్పు ఇవ్వండి!"

వంట డేరాలోంచి ఉప్పు డబ్బా తెచ్చుకుని చాంద్రి ఎదురుగా బండ మీద కూర్చుంది. "ఇస్త. మా భిక్యాను చంపమన్నదెవలు? ముందుగాల పేరు, ఎనుక ఉప్పు."

"మోతీలాల్! సైకిలువాడు కూడా వాడి మనిషే!"

చాంద్రి చిటికెడు వేసింది. "ఇంక ఎవలున్నరు?"

డబ్బా సగమయ్యేసరికి విదేశీ ముఠా మొత్తం పేర్లు బయటికొచ్చాయి. కమెండో కెప్టెన్ రాసుకోలేక పెన్సిలు రెండుసార్లు చెక్కుకున్నాడు.

వాగు ఒడ్డున సోమ్లి ఒక్కతే కూర్చుని ఉంది. చాంద్రి పోయి పక్కన కూర్చుంది. సోమ్లి జుట్టుకున్న వెండి గజ్జెలను, మొగుడున్న ఆడవాళ్ళే పెట్టుకునేవి, ఒక్కొక్కటే విప్పుతోంది. వేళ్ళు తడబడ్డ చోట చాంద్రి సాయం పట్టింది. చెప్పుకోవాల్సిందంతా ఆ ఏడుపులోనే చెప్పుకున్నారు.

*

మొదటి వానలు పడ్డాక హరనాథబాబు గొడుగేసుకుని తండాకు వచ్చాడు. ఆకు వ్యాపారి తండాకు రావడం కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చాంద్రి కుర్చీ తుడిచి వేసింది. సోమ్లి చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"మోతీలాల్ సరిహద్దు దాటుతూ దొరికాడు," అన్నాడు. "హెల్మర్ బతికాడు. ఆర్కిడ్ల గురించి అడిగితే ఒక్క పేరూ చెప్పలేకపోయాడట." తర్వాత జేబులోంచి టెలిగ్రాం తీసి, కొంచెం ఇబ్బందిగా విప్పాడు. "ఇంకో సంగతి. ఎదురుగా శత్రువు నిలబడి వింటుండగా ముప్పై మందికి ఆర్డర్లు ఇచ్చిన ఆ కోడ్ ఢిల్లీ వాళ్ళకు చాలా నచ్చిందట. ఏజెంట్లందరికీ నేర్పించాలట. ట్రైనింగ్ ఇవ్వడానికి మీలో ఒకరిని వెంటనే పంపమన్నారు."

సోమ్లి చేట పక్కన పెట్టింది.

"నేను పోత సారు," అంది. "గని ఒక్క మాట అడిగి చెప్పుండ్రి. గా ఢిల్లీ ఆఫీసర్ల ఇండ్లల్ల ఈ నడుమ ఎవలన్న సచ్చిన్రా? ఎవలు సావకుంటె ఎట్ల నేర్పుడు?"

హరనాథబాబు ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు కోడ్‌లోకి మార్చి ఢిల్లీకి పంపాడు. జవాబు ఇంతవరకు రాలేదు.